రోము నగరంలో రోమాల తగవు

రోము నగరానికీ రోమాలకూ భాషాశాస్త్రరీత్యా ఏ సంబంధమూ లేదు. ఆ శబ్దసామ్యం కేవలం మన తెలుగువారికి దక్కిన వినోదం. అయినా పురుషుని ఒంటిమీది వెంట్రుక అందమా, అనాగరికమా అనే తగవు గ్రంథాలకెక్కి, తరతరాలు పట్టుదలతో సాగిన చోటు ఏది అని వెదకితే మన చూపు రోము నగరం మీదనే నిలుస్తుంది. సుమారు 500 ఏండ్లపాటు అక్కడి సేనానులు, కవులు, వేదాంతులు, చివరకు చక్రవర్తులు సైతం ఈ విషయమై ఒకరినొకరు ఎత్తిపొడుచుకున్నారు. ఆ కథను కొంత ముచ్చటించుకుందాము.

విషయం చాలా చిన్నదిగా కనబడవచ్చును. నేను కళాశాలలో చదివే రోజులలో మా వసతిగృహంలో ఇద్దరు మిత్రులుండేవారు. ఒకనికి మెడ మొదలు ముంజేతుల వరకు దట్టంగా రోమాలు. తోటివారు అతనిని ‘ఎలుగుబంటి’ అని పిలిచేవారు. ఎంత ఎండలోనైనా అతడు పొడుగుచేతుల చొక్కా విప్పేవాడు కాడు. మేమందరమూ కాలువలో ఈదుతూ ఉంటే గట్టున కూర్చుండి మా బట్టలకు కాపలా కాచేవాడు. రెండవవానికి ఇరువది యేండ్లు దాటినా మీసం సరిగా మొలవలేదు. మీసమే రోషమనుకునే దేశంలో అతని పాట్లు వేరుగా చెప్పనక్కరలేదు. పెండ్లిచూపులకు వెళ్లవలసి వచ్చినప్పుడు మొదటివాడు రోమాలు రాల్చే మందేదో తెచ్చి చేతులకు పూసుకొని బొబ్బలెక్కించుకున్నాడు. రెండవవాడు కాటుకతో మీసం దిద్దుకొని వెళ్లినాడు. మేము పడిపడి నవ్వినాము. ఒకనిని ఉన్నందుకు నవ్వినాము, ఇంకొకనిని లేనందుకు నవ్వినాము. ఆ నవ్వులోని తికమక ఎంత పాతదో రోము చరిత్ర చదివిన తరువాతనే నాకు తెలిసినది.

తొలినాటి రోమనులకు గడ్డం సహజభూషణం. క్షౌరవృత్తి ఇటలీకి సిసిలీ ద్వీపం నుంచి వచ్చినదనీ, క్రీ.పూ. 300 ప్రాంతంలో పబ్లియస్ టిటీనియస్ మేనా అనే ఆయన తొలిసారిగా క్షురకులను వెంటబెట్టుకొని వచ్చినాడనీ వర్రో పండితుడు వ్రాసినాడు. పాతకాలపు మహాపురుషుల విగ్రహాలకు పెద్ద గడ్డాలూ, పొడవైన జుట్టూ ఉండడమే అంతకుముందు అక్కడ క్షురకులు లేరనడానికి సాక్ష్యమని ఆయన వాదం. అంతకు కొన్ని దశాబ్దాల ముందే గ్రీకుల నడుమ అలెగ్జాండరు తన సైనికుల గడ్డాలు గొరిగించినాడనీ, పోరులో శత్రువు చేతికి పట్టు దొరకకూడదనేదే అందుకు కారణమనీ ప్లూటార్కు చెప్పినాడు. కారణమేదైనా గొరిగిన ముఖం క్రమంగా నాగరికుని ముఖమైనది. రోమను యువకుని తొలి క్షౌరం ఇంటిల్లిపాదికీ పండుగ. తీసిన గడ్డాన్ని దేవతలకు సమర్పించేవారు. నీరో చక్రవర్తి తన తొలి గడ్డాన్ని ముత్యాలు పొదిగిన బంగారు భరిణెలో పెట్టి కాపిటోలు కొండమీది దేవునికి అర్పించినాడట. పదునారవ యేట చేయవలసినదిగా మన గృహ్యసూత్రాలు విధించిన కేశాంత సంస్కారం దీనికి దగ్గర చుట్టమే.

అసలు తగవు ముఖం దగ్గర ఆరంభమై మెడ క్రిందికి దిగినది. ఈ ఘట్టంలో మనకు కనబడే తొలి ప్రముఖుడు స్కిపియో ఎమిలియానస్. క్రీ.పూ. 146లో కార్తేజి నగరాన్ని నేలమట్టం చేసిన సేనాని ఈయనే. రోమనులలో ప్రతిదినమూ గడ్డం గొరిగించుకున్న మొదటివాడు ఈయనేనని ప్లినీ వ్రాసినాడు. ఈ స్కిపియోయే సుల్పీసియస్ గాలస్ అనే పెద్దమనిషిని ఒక ఉపన్యాసంలో దుయ్యబట్టినాడు. ఆ మనిషి చేసిన తప్పులేమిటి? దినదినమూ అత్తరులు పూసుకొని అద్దం ముందు నిలిచి సింగారించుకోవడం, కనుబొమలు గొరిగించుకోవడం, గడ్డం పీకించుకోవడం, తొడలమీది రోమాలు తీయించుకోవడం. అటువంటివాని నడత ఎటువంటిదో వేరే చెప్పాలా అని స్కిపియో నిలదీసినాడు. ఆ మాటలను తరువాతి కాలంలో ఆలస్ గెలియస్ తన గ్రంథంలో భద్రపరచినాడు.

శ్రోతలు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలెను. గడ్డాన్ని కత్తితో గొరిగితే ఘనత, అదే గడ్డాన్ని పీకితే అప్రతిష్ఠ. దవడమీది వెంట్రుక పోతే నాగరకత, తొడమీది వెంట్రుక పోతే భ్రష్టత్వం. మరి ఈ గీత గీసినదెవరు? స్కిపియో తాతగారి తరంలో నడిచిన మనిషి లేచివచ్చి నిత్యక్షౌరం చేయించుకునే మనుమని చూసివుంటే, స్కిపియో గాలస్‌ను తిట్టినట్లే ఆయన స్కిపియోను తిట్టివుండడని చెప్పగలమా? తనకు అలవాటైన శుభ్రత మర్యాద, ఎదుటివానికి అలవాటైనది విలాసం. ఈ తగవులో ఆది నుంచీ కనబడే స్వభావమిదే.

ఇంతకూ రోమాలు తీసే పద్ధతులెట్లా ఉండేవి? కత్తి ఒకటి, చిన్న పట్టుకారు ఒకటి, చెట్టుబంక ఒకటి, బెజ్జాల తేలికరాయి ఒకటి. పైన్ జాతి చెట్ల నుంచి కారే బంకను కాచి, ఒంటికి పట్టించి, అది ఆరి బిగిసిన తరువాత లాగితే వెంట్రుకలు కుదుళ్లతో ఊడివచ్చేవి. మంటను తలచుకుంటేనే మనకు ఒళ్లు జలదరిస్తుంది. వెసూవియస్ అగ్నిపర్వతం పేలిన క్రీ.శ. 79లో అసువులు బాసిన ప్లినీ, చెట్లనూ వాటి బంకలనూ గురించి వివరంగా వ్రాస్తూ, ఈ బంకకు తన కాలంలో దక్కిన గొప్ప గౌరవం మగవారి ఒంటి వెంట్రుకలు పీకడమేనని చెప్పడానికి సిగ్గుపడుతున్నానన్నాడు. అగ్నిపర్వతాల నుంచి పుట్టే తేలికరాయితో చర్మం నునుపు చేసుకునే అలవాటు స్త్రీల నుంచి పురుషులకు పాకినదని కూడా ఆయనే వ్రాసినాడు. ఇవన్నీ ఛాందసుల అతిశయోక్తులని కొట్టివేయడానికి వీలులేదు. ఇంగ్లండులో రాక్సిటర్ అనే చోట ఉన్న రోమను పట్టణ శిథిలాలలో దొరికిన 50కి పైబడిన పట్టుకారులను 2023లో అక్కడి ప్రదర్శనశాలలో ప్రజల ముందుంచినారు. సామ్రాజ్యపు కొనకొమ్మన ఉన్న చలిదేశపు పట్టణంలోనే ఇన్ని దొరికితే రాజధాని సంగతి ఊహించుకోవచ్చును.

ఈ పని ఎక్కువగా స్నానశాలలలో జరిగేది. అక్కడి సందడిని తత్త్వవేత్త సెనెకా ఒక లేఖలో కళ్లకు కట్టినట్లు వర్ణించినాడు. ఆయన ఒక స్నానశాలకు సరిగా పైన బస చేసినాడు. క్రింద బరువులెత్తేవారి మూలుగులు, ఒళ్లు పట్టేవాని అరచేతి చప్పుళ్లు, బంతులు లెక్కపెట్టేవాని కేకలు, పట్టుబడిన దొంగ గోల, స్నానం చేస్తూ పాడుకునేవాని రాగాలు, తొట్టిలోకి దభాలున దూకేవారి అలజడి ఆయనను నిలువనీయలేదు. వీటన్నిటినీ మించినది చంకలలో వెంట్రుకలు పీకేవాని గొంతు. బేరం కోసం సన్నని కీచుగొంతుతో ఎడతెగక కేకలు వేస్తాడట. ఎవరైనా దొరికి వారి చంక పీకేటప్పుడు మాత్రమే నోరు మూసుకుంటాడట. అప్పుడు అతనికి బదులు ఆ దొరికినవాడు కేకలు పెడతాడు.

ఈ ముచ్చట చదివి అందరూ నవ్వుతారు. నేనూ నవ్వినాను. కాని తరువాత ఆ కీచుగొంతు మనిషి నా మనస్సు వదలలేదు. ఇటువంటి సేవలు బానిసలో, పొట్టకూటికి కూలిచేసే పేదలో చేసేవారు. ఒళ్లు నునుపు చేయించుకున్నవారి పేర్లు చరిత్రలో నిలిచినవి. నునుపు చేసినవాని పేరు మాత్రం ఎవరూ వ్రాయలేదు, అతని అరుపు మాత్రం మిగిలినది. సౌందర్యచరిత్ర చదివేటప్పుడు అద్దం ముందు కూర్చున్న మనిషితోపాటు అతని వెనుక పట్టుకారు పట్టుకొని నిలిచిన మనిషిని కూడా చూడవలెనని నాకు తోస్తుంది.

రాజకీయాలలో ఈ వెంట్రుకే ఆయుధమైనది. జూలియస్ సీజరు జుట్టు కత్తిరించుకొని, గడ్డం గొరిగించుకొని ఊరుకోక, ఒంటి రోమాలు కూడా పీకించుకుంటాడని కొందరు ఆక్షేపించినట్లు సుటోనియస్ వ్రాసినాడు. సీజరు పొందికగా దువ్వుకున్న తలనూ, దానిని ఒక్క వేలితో గోకుకునే తీరునూ చూసి, ఇటువంటివాడు రోము రాజ్యవ్యవస్థను కూలదోయగలడని తాను నమ్మలేకపోయినానని సిసెరో అన్నట్లు ప్లూటార్కు చెప్పినాడు. అంతటి వక్తా ఒక్క దువ్వెన చూసి మోసపోయినాడు! సీజరు వారసుడైన అగస్టస్‌పై ప్రత్యర్థులు మరొక నింద మోపినారు. కాళ్లమీది రోమాలు మెత్తగా మొలవడానికి ఎర్రగా కాలిన అక్రోటు పెంకులతో వాటిని మాడ్చుకుంటాడన్నారు. అదే అగస్టస్ తన తలకట్టు విషయంలో మాత్రం అశ్రద్ధపరుడనీ, ఇద్దరు ముగ్గురు క్షురకులు ఒకేసారి తొందరగా పని కానిస్తూ ఉంటే తాను చదువుకుంటూనో వ్రాసుకుంటూనో కూర్చునేవాడనీ సుటోనియసే చెప్పినాడు. క్రీ.శ. 69లో కొన్ని నెలలు మాత్రమే ఏలిన ఓథో చక్రవర్తి ఒళ్లంతా పీకించుకొని, గడ్డం మొలవకుండా ముఖానికి తడిరొట్టె పట్టించుకునేవాడట. ఆ మనిషే ఓటమి తరువాత, తన కొరకు ఇంకొందరు చావకూడదని చెప్పి ధైర్యంగా ప్రాణం తీసుకున్నాడు. నున్నని ఒళ్లు పిరికితనానికి గుర్తు అనేవారికి ఆ చావు పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది.

ఇక స్త్రీపురుషుల ఆకర్షణ సంగతికి వద్దాము. దానికోసమే ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాసినవాడు ఓవిడ్ కవి. క్రీస్తు శకారంభంలో వెలువడిన ఆయన ‘ప్రేమకళ’ మూడు భాగాల కావ్యం. మొదటి రెండు భాగాలు పురుషులకు, మూడవది స్త్రీలకు. నాటకశాలలో, రథాల పందెపు మైదానంలో, నీడనిచ్చే వసారాలలో వనితలను కలుసుకోవడమెట్లాగో చెప్పిన తరువాత ఆయన పురుషుని అలంకరణకు వస్తాడు. ఇనుపకడ్డీతో జుట్టు వంకీలు తిప్పుకోవద్దు, కాళ్లను రాతితో రుద్ది నునుపు చేసుకోవద్దు, అటువంటి పనులు సిబెలీ దేవి అర్చకులకు విడిచిపెట్టమంటాడు. మరి చేయవలసినవేవి? వ్యాయామంతో ఎండకు రంగుతేలిన శరీరం, మచ్చలేని వస్త్రం, తోమిన పళ్లు, పాదానికి సరిపడిన చెప్పు, చక్కగా కత్తిరించిన జుట్టు, గడ్డం, మురికిలేని గోళ్లు. ముక్కుపుటాలలో వెంట్రుక కనబడరాదు. నోరు వాసన రాకూడదు, చంకలో మేకపోతు ఉండకూడదు. తరువాత స్త్రీలకు చెప్పినప్పుడు చంకలోని ఆ మేకపోతును మరల తలచి, కాళ్లమీద గరుకు రోమాలుండరాదని మాత్రం అదనంగా హెచ్చరించినాడు.

ఓవిడ్ సలహాలో రెండు పొరలున్నవి. గోళ్లు, పళ్లు, వాసన ఎదుటి మనిషికి మనం చూపవలసిన మర్యాదకు సంబంధించినవి. అవి ఏ కాలానికైనా చెల్లుతాయి. కాళ్లమీది రోమాల మాట అట్లా కాదు. అది ఆనాటి రోమనులు స్త్రీకీ పురుషునికీ నడుమ నాటుకున్న సరిహద్దురాయి. ఒకే రోమం స్త్రీకి లోపం, పురుషునికి లక్షణం. ఈ రెండు పొరలను వేరుచేసి చూడకపోవడం వలననే తగవు అన్ని తరాలు సాగినది. పాపం, ప్రేమ గురించి ఇంత చెప్పిన కవి క్రీ.శ. 8లో అగస్టస్ ఆగ్రహానికి గురియై నల్లసముద్రతీరాన టోమిస్ అనే ఊరికి ప్రవాసం పోయి అక్కడనే కన్నుమూసినాడు. ఒక కావ్యమూ, ఒక పొరపాటూ తన పతనానికి కారణమని ఆయన చెప్పుకున్నాడు. ఆ కావ్యం ‘ప్రేమకళ’యే.

వేదాంతులు ఏమన్నారు? సెనెకాది మధ్యేమార్గం. ఒకడు కాళ్లు కూడా పీకించుకుంటాడు, మరొకడు చంకలు సైతం పీకించుకోడు, ఇద్దరివీ అతిచేష్టలే అన్నాడు. ఈ ఒక్క మాటవలన ఒక సంగతి బయటపడుతున్నది. ఆనాటి పెద్దమనుషులలో పురుషుడు చంకలు నునుపు చేయించుకోవడం వింత కాదు, చేయించుకోకపోవడమే మోటుతనం. ఎపిక్టెటస్ అంతకంటె కఠినుడు. బానిసగా బ్రతికి, విముక్తుడై తత్త్వబోధకుడైన ఈయన వద్దకు కొరింథు నుంచి ఒక యువకుడు మితిమీరిన సింగారంతో వచ్చినాడు. స్త్రీని నున్నగానూ పురుషుని రోమశునిగానూ సృష్టించినది ప్రకృతి, ఆ రోమాలను పీకితే ప్రకృతిమీద ఫిర్యాదు చేయడమేనని గురువు అతనిని మందలించినాడు. గడ్డం తీసివేయకపోతే తల తీసివేస్తామన్నా తీయనని కూడా ఆయన బోధించేవాడు. డొమీషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలను వెళ్లగొట్టినప్పుడు ఎపిక్టెటస్ నికోపొలిస్ చేరినాడు కనుక ఆ మాటలు ఊరక అన్నవి కావు. ఆయన ధైర్యానికి నమస్కరించవలసినదే. వాదం మాత్రం నిలువదు. గోళ్లూ ప్రకృతి ఇచ్చినవే, వాటిని కత్తిరించడం మనం తప్పనుకోము.

తీర్పు తుదకు తత్త్వవేత్తల వలన రాలేదు, సింహాసనం నుంచి వచ్చినది. క్రీ.శ. 117లో పట్టానికి వచ్చిన హేడ్రియన్ నిండుగడ్డం పెంచినాడు. ముఖంమీది మచ్చలు కప్పుకోవడానికని ఒక చరిత్రకారుడన్నాడు. గ్రీకు విద్యలమీది మక్కువ అని ఈనాటి చరిత్రకారులు పలువురంటారు. కారణమేదైనా ఆయన నాణేలమీద గడ్డం కనబడినది. తరువాతి చక్రవర్తుల ముఖాలమీద కూడా అది పెరిగినది. తాతలనాడు అనాగరికమనిపించినది మనుమలనాడు గాంభీర్యమైనది. నాలుగవ శతాబ్ది నాటికి గాలి మళ్లీ తిరిగినది. జూలియన్ చక్రవర్తి అంతియోకు నగరంలో విడిదిచేసినప్పుడు నున్నని చెంపల పౌరులు ఆయన మేకగడ్డాన్ని చూసి పాటలు కట్టి ఎగతాళి చేసినారు. సైన్యం చేతిలో ఉన్న ప్రభువు కోపిస్తే ఏమయ్యేదో! ఆయన క్రీ.శ. 363లో ‘గడ్డపుద్వేషి’ అనే వ్యంగ్యరచన చేసి ఊరివారి కంటబడేటట్లు పెట్టించినాడు. తన గడ్డం పేలు తిరుగాడే పొద అనీ, రొమ్ము సింహం రొమ్మువలె రోమశమనీ, వ్రేళ్లనిండా సిరా మరకలేననీ తనను తానే వెక్కిరించుకుంటూ పౌరుల విలాసాన్ని తూర్పారబట్టినాడు. గాలస్ రోమాలు లేనందుకు తిట్లు తిన్నాడు, జూలియన్ రోమాలున్నందుకు తిన్నాడు. మా వసతిగృహపు మిత్రులిద్దరూ ఆ కాలంలో పుట్టినా వారి కష్టం తీరేది కాదు.

ఆ దినాలలో మన దేశానికీ రోమునకూ సంబంధం ఉన్నది. భారతదేశపు సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సుల ధనం తరలిపోతున్నదని, చెట్టుబంకను చూసి సిగ్గుపడిన ఆ ప్లినీయే వాపోయినాడు. అట్లా తరలివచ్చిన నాణేలు మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలోనూ, కృష్ణాతీరాన నాగార్జునకొండలోనూ దొరికినవి. సరుకులు దాటిన సముద్రాన్ని ఆచారాలు కూడా దాటినవని చెప్పడానికి ఆధారం లేదు. అయినా ఈ విషయంలో రెండు దేశాల గ్రంథాలు పోల్చదగినట్లున్నవి. వాత్స్యాయనుడు కామసూత్రాలలో నాగరకుని దినచర్య చెబుతూ, నిత్యమూ స్నానం, రెండవనాడు ఒళ్లు నలుగు, మూడవనాడు నురుగుతో శుద్ధి, నాలుగవనాడు ముఖక్షౌరం, అయిదవనాడో పదవనాడో శరీరంలోని తక్కిన రోమాల తొలగింపు అని తిథులు లెక్కకట్టినట్లు విధించినాడు. కత్తితో తీస్తే అయిదవనాడు, పీకితే పదవనాడు అని వ్యాఖ్యాత యశోధరుడు ఆ రెండు గడువులకూ భేదం చూపినాడు. కప్పియున్న చంకలలోని చెమటను ఎప్పటికప్పుడు తుడుచుకొనవలెనని కూడా వాత్స్యాయనుడు మరువలేదు. ఓవిడ్ చూసిన మేకపోతును ఈయన కూడా చూసినాడన్నమాట!

వైద్యులది వేరొక దృష్టి. జుట్టు, గడ్డం, రోమాలు, గోళ్లు పక్షానికి మూడుమార్లు తీయించుకొనవలెనని చరకుడు చెప్పినాడు. శంఖచూర్ణం, హరిదళం కలిపి రోమాలు రాల్చే మందు చేయడం సుశ్రుతునికి తెలుసు. గాయం చుట్టూ ఉన్న రోమాలు మానుదలకు అడ్డురాకుండా తొలగించడం అందులోని ఉద్దేశం. జ్యోతిష్కుడైన వరాహమిహిరుడు రోమకూపాలను చూసి రాతలు చెప్పినాడు. కూపానికి ఒక్కొక్క రోమముంటే రాజనీ, రెండేసి ఉంటే పండితుడనీ, మూడూ ఆపైన ఉంటే దరిద్రుడనీ బృహత్సంహిత మాట. రసికునికి రోమం అలంకారశాస్త్రం, వైద్యునికి ఆరోగ్యశాస్త్రం, జ్యోతిష్కునికి జాతకచక్రం. రోమం మాత్రం ఎవరి మాటా వినక తన పాటికి తాను మొలుస్తూనే ఉన్నది.

ఆధునిక కాలంలో ఈ తగవులోకి వ్యాపారం ప్రవేశించినది. 1904లో జిల్లెట్ అనే అమెరికా దేశస్థుడు మార్చి వాడుకునే పలుచని బ్లేడు అమర్చిన కత్తికి పేటెంటు పొందినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకు అటువంటి కత్తులు లక్షలకొలది అందినవి. ఇంట తానే గొరుక్కునే అలవాటుతో సైనికులు ఊళ్లకు తిరిగివెళ్లినారు. గొరిగితే రోమం దళసరిగా మొలుస్తుందనే నమ్మకం నేటికీ మన ఇండ్లలో వినబడుతుంది. 1928లో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీరశాస్త్రవేత్త కొందరు పురుషుల గడ్డాలను కొలిచి పరిశీలించి, క్షౌరం వలన వెంట్రుక మందంలోనూ, ఎదుగుదలలోనూ మార్పు రాదని తేల్చినది. అగస్టస్ అక్రోటు పెంకులు నిజమే అయితే ఆయన పడిన మంట వృథా. మానవుని ఒళ్లు నునుపెక్కడానికి తరతరాల స్త్రీపురుషుల ఎంపికే కారణమని 1871లో డార్విన్ ఊహించినాడు. ఇటీవల కామెరూన్, చైనా, న్యూజిలాండ్, అమెరికా మొదలైన దేశాల స్త్రీలకు బొమ్మలు చూపి శాస్త్రజ్ఞులు అభిరుచులు అడిగినారు. ఒకచోట రోమశమైన రొమ్ము మెప్పు పొందినది, మరొకచోట నున్ననిది పొందినది. మన వెండితెరమీద కూడా ఒక తరంలో నాయకుని రొమ్ముమీది రోమాలు పౌరుషచిహ్నం, మరొక తరంలో అద్దంవంటి రొమ్మే అందం.

ఇంతసేపూ మనం విన్న గొంతులను ఒకసారి లెక్కవేయండి. స్కిపియో, ప్లినీ, సెనెకా, ఓవిడ్, ఎపిక్టెటస్, వాత్స్యాయనుడు అందరూ పురుషులే. స్త్రీకి ఏది నచ్చునో ఈ పురుషులు ఇతర పురుషులకు నేర్పినారు. ఈ పుస్తకాలలో ఈ విషయమై ఏ స్త్రీయైనా స్వయంగా నోరు విప్పినట్లు నాకు కనబడలేదు. రోమాలు తీసినవాని పేరువలెనే ఆమె మాట కూడా వ్రాతకెక్కలేదు. కనుకనే యువకులు ఎవరో ఊహించి చెప్పిన నియమాలకు భయపడి, తోటి మగవారి నవ్వులకు జడిసి, ఒంటిని బాధించుకుంటూ వచ్చినారు. శుభ్రత ఎదుటివారి పట్ల మర్యాద, దానిని విడువరాదు. ఆపైన రోమముంచుకోవడమూ, తీసివేయడమూ ఎవరి ఇష్టం వారిది. అందులో పౌరుషమూ లేదు, పతనమూ లేదు.

చాలా ఏండ్ల తరువాత ఆ ‘ఎలుగుబంటి’ మిత్రుని ఇంటికి భోజనానికి వెళ్లినాను. అతడు పొట్టిచేతుల బనియనుతో కూర్చుండి మనుమరాలికి అన్నం కలిపి పెడుతున్నాడు. పాత ముచ్చటలలో పెండ్లిచూపుల నాటి మందు సంగతి బయటికి వచ్చినది. ఆయన భార్య పప్పు వడ్డిస్తూ ఆగి, ‘ఆ బొబ్బలు మందువలన వచ్చినవా అన్నయ్యగారూ? ఇన్నాళ్లూ నాకు చెప్పనే లేదు. పాపం, హాస్టల్లో చేయి కాల్చుకుని వండుకుంటున్నారేమో, ఈయనకు అన్నం పెట్టే దిక్కు లేదేమో అనుకున్నాను. అందుకే సరేనన్నాను’ అన్నది.